‘నాన్న ఉంటే ఒప్పుకునేవారా?’ అని అన్నయ్యను అడగకండి

ప్రశ్న: నా వయసు 37. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పర్చేజ్ విభాగంలో పనిచేస్తున్నాను. మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. నాన్న ఆర్టీసీ కండక్టర్. ముప్పై ఏళ్లకు పైగా చేసి 2015లో రిటైరయ్యారు. పోయిన ఏడాది గుండెపోటుతో వెళ్లిపోయారు. వచ్చే నెల సంవత్సరీకం.

నాన్నంటే నాకు ప్రాణం. మా ఊరికి నైట్ హాల్ట్ బస్సు ఉండేది. ఆ డ్యూటీ పడిన రాత్రి ఆయన క్యాష్ బ్యాగు ఇంటికి తెచ్చి, చాప మీద చిల్లర పోసి లెక్క చూసుకునేవారు. బిళ్లలు విడదీసి దొంతర్లు పేర్చడం నా పని. ఒకసారి ఒక రూపాయి బిళ్ల గౌను జేబులో వేసుకున్నాను. నాన్న చూశారు కానీ తిట్టలేదు. దాన్ని తీసి దొంతరలో పెట్టి, తన చొక్కా జేబులోంచి ఇంకో రూపాయి తీసి నా చేతిలో పెట్టారు. ‘ఇది నీది, అది డిపోది’ అన్నారు. ఈరోజుకీ నేను బతుకుతున్నది ఆ మాట మీదే. దీపావళికి ఒక వెండర్ వెండి నాణెం పంపిస్తే తిరిగి పంపేశాను. మా బాస్‌కు కోపం వచ్చింది. మా ఆయన ‘మీ నాన్నలాగే నువ్వూ ఎప్పటికీ పైకి రావు’ అన్నారు.

అన్నయ్య ఒంగోలులో మందుల ఏజెన్సీలో పనిచేస్తాడు. సంవత్సరీకం అవగానే ఊళ్లో ఇల్లు అమ్మేద్దాం, అమ్మ మూడు నెలలు నీ దగ్గర, మూడు నెలలు నా దగ్గర ఉంటుంది అంటున్నాడు. ‘నాన్న ఉంటే ఒప్పుకునేవారా?’ అన్నాను. దానికి వాడు, ‘డిపోలో మన బంధువే ఆఫీసరుగా ఉన్నప్పుడు నాన్న ఒక్క మాట అడిగుంటే నాకు ఉద్యోగం వచ్చేది. నాన్న నిజాయితీకి ఖరీదు చెల్లించింది నేను, పేరు చెప్పుకుని మురిసేది నువ్వు’ అని ఫోన్ పెట్టేశాడు. అప్పటినుంచి మాటల్లేవు. ఆస్పత్రిలో నాన్న పోయిన రాత్రి నేను లేను. బాబు పరీక్షలని ఆ సాయంత్రమే బస్సెక్కాను. అది తలుచుకుంటే నిద్ర పట్టదు. నాన్న వాయిస్ మెసేజ్‌లు ఫోన్‌లో ఉన్నా వినలేకపోతున్నాను. నాన్న విలువలు నిలబెట్టాలంటే నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ రెండు రూపాయి బిళ్లల సంగతి. మీరు దాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నారు కాబట్టి మీకు తెలియనిది నేను చెప్పబోవడం సాహసమే. అయినా ఒకటి గమనించమంటాను. ఆ రాత్రి మీ నాన్నగారు రెండు పనులు చేశారు. డిపో రూపాయిని తిరిగి దొంతరలో పెట్టారు. ఆ వెంటనే తన జేబులోంచి తీసి మీకు ఇచ్చారు. మీరు గుర్తు పెట్టుకున్న పాఠం మొదటిది: పరాయి సొమ్ము ముట్టకూడదు. దాన్ని మీరు అక్షరాలా పాటిస్తున్నారు కూడా. రెండో పని సంగతేమిటి? పిల్ల చిన్నబుచ్చుకోకూడదని, తప్పు చేసిన చేతిలోనే తన సొంత రూపాయి పెట్టారాయన. డిపో సొమ్ము దగ్గర ఎంత కచ్చితమో, సొంత సొమ్ము దగ్గర అంత ధారాళం. ఈ రెండూ కలిస్తేనే మీ నాన్నగారు. కచ్చితం ఒక్కటే తీసుకుని అన్నయ్య దగ్గరికి వెళితే, అతను ఎదుర్కొనేది మీ నాన్నగారిలో ఒక సగాన్నే. పైగా అతనికి నొప్పి పెట్టింది సరిగ్గా ఆ సగమే.

అన్నయ్య అన్న మాట మీకు గునపంలా దిగింది, తెలుస్తోంది. కానీ అది నాన్నను తిట్టిన మాట కాదు. ఇరవై ఏళ్లకు పైగా లోపల దాచుకున్నది, తండ్రి ఉండగా ఆయన ముఖం మీద అనలేకపోయినది. ఒకే ఇంట్లో, ఒకే తండ్రికి పుట్టినా ఇద్దరు పిల్లలకు ఒకే తండ్రి దొరకడు. మీకు దొరికిన నాన్న చాప మీద చిల్లర లెక్కపెడుతూ పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి. అతనికి దొరికిన నాన్న, ఉద్యోగం కోసం కొడుకు తిరుగుతున్న రోజుల్లో నోరు విప్పని మనిషి. ఆ బంధువును అడగకపోవడం మీ నాన్నగారి దృష్టిలో ధర్మమే. రికమెండేషన్ అడిగితే తన ముప్పై ఏళ్ల లెక్క తప్పుతుందనుకుని ఉంటారు. కానీ ఆ ధర్మం దెబ్బ కొడుకు మీద పడింది. అది కూడా నిజమే. ఆ రెండు నిజాలనూ ఒప్పుకోవడానికి మీరు భయపడుతున్నారేమో అనిపించింది. అన్నయ్యకు నష్టం జరిగిందని ఒప్పుకుంటే నాన్న చిన్నవాడైపోతాడని. అలా కాడు. తన మాటకు కట్టుబడినందుకు ఇంట్లోవాళ్లు కూడా మూల్యం చెల్లించారని తెలిసి తలుచుకున్నప్పుడే ఆయన మనకు మనిషిగా గుర్తుంటారు. లేకపోతే దండ వేసిన ఫొటోగా మిగిలిపోతారు.

కౌన్సెలింగ్‌కు వచ్చే అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల తగాదాల్లో ‘నాన్న ఉంటే ఇలా జరిగేదా’ అన్న మాట చాలాసార్లు వింటుంటాను. అన్నవాళ్లకు అది ప్రేమ. పడ్డవాళ్లకు అది తీర్పు. చనిపోయిన మనిషిని సాక్షిగా పిలిస్తే ఎదుటివాళ్లకు జవాబు చెప్పే దారి ఉండదు. నాన్న మీవైపే ఉన్నారని మీరే చెప్పేస్తే, మరి ఆయన కొడుక్కి ఎవరున్నారు? అందుకే ఈ ఒక్క మాట మానేయండి. ఇల్లు అమ్మడం మీకు ఇష్టం లేకపోతే ‘నాకు ఇష్టం లేదు, నాకింకా కొంత టైమ్ కావాలి’ అని మీ నోటితో, మీ మాటగా చెప్పండి. అప్పుడు అతను వాదించేది చెల్లెలితో. చెల్లెలితో వాదించి రాజీ పడొచ్చు.

ముందు ఫోన్ చేయాల్సింది మీరే. తప్పు మీదని కాదు. ఇందాక చెప్పిన రెండో రూపాయి మీ జేబులోంచే రావాలి కాబట్టి. ఇంటి సంగతి ఎత్తకండి. ‘అన్నయ్యా, నీకు ఉద్యోగం రాని రోజుల్లో ఇంట్లో ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. నేను చిన్నదాన్ని. నువ్వు ఎంత పడ్డావో ఎప్పుడూ అడగలేదు. చెప్పు’ అనండి. అంతే. అతను విసుక్కోవచ్చు, ‘ఇప్పుడెందుకవన్నీ’ అని దాటేయొచ్చు. నాన్నను నాలుగు మాటలు అనొచ్చు. మధ్యలో అడ్డుపడి నాన్న తరఫున వకాల్తా పుచ్చుకోకండి. మీకు ఇది చాలా కష్టమైన పని, తెలుసు. కానీ సంవత్సరీకంలో పిండం పెట్టాల్సిన కొడుకు మనసులో ఆ రోజు ఏముంటుందన్నది కూడా నాన్నకు చేసే సేవలో భాగమే కదా.

ఇక మీ నిద్ర సంగతి. నాన్న చివరి రాత్రి మీరు బస్సులో ఉన్నారు. మీరు ఈ విషయాన్ని రెండు మూడు వాక్యాల్లో రాసి దాటేశారు. నాకైతే ఉత్తరంలో బరువైన సంగతి అదేననిపించింది. కాస్త మీ చిన్నతనం గుర్తు తెచ్చుకోండి. దసరా, సంక్రాంతి వస్తే స్పెషల్ బస్సులు వేస్తారు. ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. ఆర్టీసీ వాళ్లకు సెలవు దొరకడం గగనం. మీ ఇంట్లో ఎన్ని భోగి మంటలు నాన్న లేకుండా వెలిగి ఉంటాయో, మీ అన్నాచెల్లెళ్ల ఎన్ని జ్వరాలకు అమ్మ ఒక్కతే ఆస్పత్రికి తీసుకెళ్లి ఉంటుందో. నైట్ హాల్ట్ అంటే మీ ఊరికే కాదు కదా, ఎక్కువ రాత్రులు ఏదో ఊళ్లో బస్సులోనే పడుకుని ఉంటారు. ప్రేమ ఉండీ ఇంట్లో లేకపోవడం అంటే ఏమిటో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పిల్లల కోసం పండగ పూట ఇంట్లో లేని తండ్రికి, బిడ్డ పరీక్షల కోసం బస్సెక్కిన కూతురు అర్థం కాకుండా ఉంటుందా? డాక్టర్లు ఆ రాత్రే అని చెప్పి ఉంటే మీరు కదిలేవారే కాదు. తెలియక వెళ్లారు. దుఃఖంలో మనిషి మనసు తర్వాత తెలిసినదాన్ని ముందే తెలిసినట్టు లెక్కగట్టి తనను తానే శిక్షించుకుంటుంది. ఆ లెక్క తప్పు.

ఏడాది అవుతున్నా ఏడుపు ఆగడం లేదంటే అది జబ్బేమో అనుకోకండి. తిథి దగ్గరపడే కొద్దీ దుఃఖం మళ్లీ ఎగదన్నడం చాలామందిలో చూస్తాం. కానీ ఒక గీత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ–11లో, ఆత్మీయులు పోయి ఆరు నెలలు దాటాక కూడా రోజంతా అదే ధ్యాసగా ఉండి, పని, తిండి, బంధాలు దెబ్బతింటుంటే దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా చేర్చారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో అదే మాట చెబుతూ పెద్దవాళ్లకు ఏడాది గడువు పెట్టింది. మీరు ఆఫీసుకు వెళ్తున్నారు, బాబును చూసుకుంటున్నారు, అన్నయ్యతో వాదిస్తున్నారు. ఆ గీత దాటినట్టు నాకు అనిపించడం లేదు. కానీ నిద్ర వారాల తరబడి పట్టకపోయినా, బతకడమెందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా తెలుగులో మాట్లాడొచ్చు. దగ్గరలోని సైకియాట్రిస్టును కలిసినా మంచిదే.

వాయిస్ మెసేజ్‌లు ఇప్పుడే వినక్కర్లేదు. కానీ ఫోన్ పోతే అవీ పోతాయి. వినకుండానే వేరే చోట కాపీ చేయించి పెట్టండి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, అన్నయ్యకు ఒకటి. అతని దగ్గర నాన్న గొంతు ఉందో లేదో మీరు ఎప్పుడైనా ఆలోచించారా?

ఆఫీసు విషయం చిన్నది, త్వరగా చెప్పేస్తాను. నాణెం తిరిగి పంపి మంచి పని చేశారు. బాస్‌కు కోపం వచ్చింది మీ నిజాయితీ మీద కాకపోవచ్చు, పండగ పూట పంపినవాళ్లకు మొహం మీద కొట్టినట్టయిందని కావచ్చు. వచ్చే ఏడాది దీపావళికి నెల ముందే వెండర్లందరికీ ఒకే మెయిల్ పెట్టించండి, మా విభాగంలో ఎవరం కానుకలు తీసుకోము, శుభాకాంక్షలు చాలు అని. వీలైతే హెచ్‌ఆర్ పేరు మీద పంపమనండి. అప్పుడు ఎవరికీ అవమానం ఉండదు. మీ ఒక్కరి పట్టుదలగా కనిపించేది డిపార్ట్‌మెంట్ పద్ధతి అవుతుంది. మీవారితో మాత్రం నేరుగా మాట్లాడండి. నాన్న పోయి ఏడాది కాని కూతురితో ‘మీ నాన్నలాగే పైకి రావు’ అనడం ఎంత లోతుగా గుచ్చుకుంటుందో ఆయనకు తెలిసి ఉండదు. గొడవగా కాదు, ‘ఆ మాటకు నేను రెండు రోజులు అన్నం తినలేకపోయాను’ అని జరిగింది జరిగినట్టు చెప్పండి.

మీ బాబుకు తాతయ్య గురించి ఏం చెబుతున్నారో రాయలేదు. పిల్లలకు నిజాయితీ గురించి ఉపన్యాసం చెబితే చెవికెక్కదు. టికెట్ వెనక చిల్లర ఎంత బాకీయో రాసిచ్చే కాలంలో తాతయ్య డ్యూటీ ఎలా ఉండేదో చెప్పండి. దిగేవాళ్లు మర్చిపోతే పిలిచి మరీ ఇచ్చే కండక్టర్లు కొందరుంటారు, ప్రయాణికులు వాళ్లను ఏళ్ల తరబడి గుర్తు పెట్టుకుంటారు. తాతయ్య అలాంటివారా అని మీ అమ్మగారిని బాబుతోనే అడిగించండి. లెక్కలో తగ్గితే సొంత డబ్బు కట్టాల్సి వచ్చిన రోజున తాతయ్య ఇంటికొచ్చి ఎలా ఉండేవారో కూడా చెప్పమనండి. ఆయన కోపం, ఆయన మొండితనం, అన్నయ్య విషయంలో ఆయన నోరు విప్పకపోవడం, అన్నీ. లోపం లేని తాతయ్యను చూపిస్తే పిల్లవాడు దండం పెట్టి ఊరుకుంటాడు. టెన్షన్ పడి కూడా తప్పు చేయని తాతయ్యను చూపిస్తే, రేపు పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు కనిపించినప్పుడు ఆయన గుర్తొస్తారు.

సంవత్సరీకం ఎక్కడ, ఎంత ఘనంగా అన్నది మీ ఇంటి ఆచారం ప్రకారం అన్నయ్యకు వదిలేయండి. తిథి పంచాంగంలో చూసుకుంటారు కాబట్టి ఇంగ్లిషు తేదీ కోసం పట్టుబట్టకండి. కర్మలో కూతురి చేతికి ఏమీ మిగల్లేదన్న బాధ మీకుంటే, ఆ రోజు నాన్న పనిచేసిన డిపోలో డ్రైవర్లకు, కండక్టర్లకు భోజనం పెట్టొచ్చు. మహాలయ పక్షంలో నాన్న పేర స్వయంపాకం ఇవ్వొచ్చు. అడిగి చూడండి, ఆ భోజనం ఖర్చులో సగం అన్నయ్య తనే పెట్టుకుంటానన్నా ఆశ్చర్యపోను.

ఇంటి విషయంలో మాత్రం మనసుతో కాకుండా కాగితంతో ఆలోచించండి. నాన్న సంపాదనతో కొన్న ఇల్లయి, వీలునామా రాయకపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, అన్నయ్యకు, మీకు సమాన వాటా. మీ నాయనమ్మ ఉంటే ఆవిడకూ వాటా ఉంటుంది. ఆడపిల్లకు హక్కు 2005లోనే వచ్చిందని చాలామంది అనుకుంటారు. 2005 సవరణ ఉమ్మడి, పిత్రార్జిత ఆస్తి గురించి. తండ్రి స్వార్జితంలో కూతురికి 1956 నుంచే వాటా ఉంది. పెళ్లయిందా లేదా అన్న ప్రశ్నే లేదు. బ్యాంకులో నామినీగా ఎవరి పేరున్నా అది డబ్బు చేతికి తీసుకునే వీలే, సొంతదారు అయిపోవడం కాదు. కాబట్టి వాటాదారులందరి సంతకాలు లేకుండా ఇల్లు మొత్తం అమ్మడం కుదరదు. ‘నాన్న అయితే ఆస్తి కోసం పాకులాడేవారు కాదు’ అనుకుని ఆవేశంలో హక్కు విడుదల పత్రం (వాటా వదులుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం) మీద సంతకం పెట్టకండి. అన్నయ్య పరిస్థితి చూసి రేపు మీ వాటాలో కొంత అతనికి ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, అది గొప్ప పనే. కానీ తెలిసి, లెక్క చూసుకుని, ప్రేమతో ఇవ్వండి. నాన్న మీద భక్తిని చూపించడానికి కాదు.

అమ్మగారి వాటా ఎవరి పేరనా రాయించకండి. ఒకవేళ ఎప్పుడైనా ఆవిడ ఇష్టపడి రాస్తే, చూసుకుంటామన్న షరతు ఆ పత్రంలోనే ఉండాలి. అప్పుడు చూడకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద దాన్ని రద్దు చేయమని అడిగే వీలుంటుంది. ఈపీఎస్–95 (పీఎఫ్ ఉన్న ఉద్యోగుల 1995 నాటి పింఛను పథకం) కింద పింఛను నాన్నకు వచ్చి ఉంటే అందులో సగం ఆవిడకు వితంతు పింఛనుగా రావాలి. మొత్తం చిన్నదే కావచ్చు, కానీ తన చేతిలో తన డబ్బు అన్నది ఆవిడకు పెద్ద విషయం. అది మొదలైందో లేదో, పింఛనుదారు బతికే ఉన్నారని ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ ఎవరు ఇప్పిస్తున్నారో చూడండి.

చివరిగా ఒక సంగతి. మీ ఉత్తరంలో నాన్న ఏమనుకునేవారో ఉంది, అన్నయ్య ఏమనుకుంటున్నాడో ఉంది, మీవారి మాట, బాస్ కోపం కూడా ఉన్నాయి. అమ్మ ఏమంటోందో ఒక్క ముక్క లేదు. మూడు నెలలు అక్కడ, మూడు నెలలు ఇక్కడ అని పంచుతున్నది ఆవిడ రోజుల్ని. ఆయన డ్యూటీ మీద ఊళ్లు తిరిగినన్ని ఏళ్లూ ఆ ఇంటిని ఒక్కతే నడిపిన మనిషిని ఎవరూ అడగలేదు. ఈ వారాంతం ఊరికి వెళ్లండి. కోడలు, అల్లుడు, అన్నయ్య ఎవరూ లేనప్పుడు కూర్చుని అడగండి. ఎక్కడ ఉండాలనుంది అని ఒకేసారి అడిగితే ‘మీ ఇష్టం’ అంటుంది. దాన్ని జవాబుగా తీసుకుని వచ్చేయకండి. రాత్రి ఒక్కదానివే పడుకుంటే భయంగా ఉందా? పొద్దున్నే ఎవరితో మాట్లాడుతున్నావు? బీపీ మాత్రలు ఎవరు తెచ్చిస్తున్నారు? హైదరాబాద్ ఫ్లాట్‌లో మేమిద్దరం ఆఫీసుకు వెళ్తే నీకు పొద్దు గడుస్తుందా? ఇలా చిన్నవి అడగండి. ఒక పూటతో తేలకపోతే మళ్లీ వెళ్లండి. ఆవిడ ఏం కోరుకుంటుందో తేలిన తర్వాతే, ఆ మాటను అమ్మ మాటగా అన్నయ్యకు చెప్పి, ఇంటి సంగతి మొదలుపెట్టండి.